చెవిన పెట్టని మాట

నా ఎడమ చెవి పై సగం లేదు. కొత్తగా కలిసినవాళ్లు మాట్లాడుతూ మాట్లాడుతూ అటు చూసి కళ్లు తిప్పుకుంటారు. దొరలకూ నిజాముకూ ఎదురు తిరిగిన సంగంలో పనిచేసినవాడిని గనుక రజాకార్ల తూటా తగిలి ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ ఊహ నాకు గౌరవంగా ఉండేది. కొన్నాళ్లు కాదనకుండా ఊరుకున్నాను కూడా. కానీ అది నిజం కాదు. ఆ సగం చెవిని నేను ఎండకూ, నా పంతానికీ పోగొట్టుకున్నాను.

ఇప్పుడు గాయం మానింది. కూర్చుని రాయగలుగుతున్నాను. నాలాంటి మొండివాడు ఇంకొకడు ఇది చదివి, తన ఒంటి మీద మానకుండా ఉన్న పుండును ఒకసారి వెలుతురులో చూసుకుంటే చాలుననిపించి రాస్తున్నాను. మా ఇంటామె నర్సమ్మకు ఈ మాట చెబితే, "రాసుడెందుకు? ఊరూరు తిరిగి నీ మొకం చూపెట్టి రారాదు?" అన్నది.

మాది జనగామ దగ్గర, నర్మెట్ట వైపు ఊరు. నేను పాకే వయసులో పొయ్యి మీది గంజి కుండ నా మీద ఒరిగిందట. ఎడమ చెవి, కణత, దాని మీది తల కాలిపోయాయి. అక్కడ వెంట్రుకలు మళ్లీ మొలవలేదు. తోలు ఉల్లిపొర లాగా పలచగా, తెల్లగా, నున్నగా ఉండిపోయింది. ఆ కుండ దింపకుండా వాకిట్లోకి పోయినందుకు మా అవ్వ తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు. నాకు ఊహ తెలిసేనాటికే నా నెత్తికి చిన్న రుమాలు చుట్టేది. చెవి కనబడకుండా, ఎండ తగలకుండా కిందికి లాగి కట్టేది. పెళ్లయ్యాక ఆ పని నర్సమ్మ తీసుకున్నది. "ఆ తోలుకు ఎండ పడది" అని అత్తా కోడళ్లు ఇద్దరూ ఒక్క మాట మీద ఉన్న సంగతి మా ఇంట్లో అదొక్కటే.

ఊరికి సంగం వచ్చిన ఏడు, వానకాలం మొదట్లో జరిగింది ఇది. ఆ రోజుల్లో మా ఊరి దొర ఉండే గడీ ముందు నుంచి పోవాలంటే మగవాడు నెత్తి రుమాలు తీసి చంకలో పెట్టుకోవాలి, చెప్పులు చేత పట్టుకోవాలి. నేను అందరిలాగే తీసేవాడిని. ఆ పొద్దు దొర అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చంకలో పెట్టుకున్న రుమాలును కింద పెట్టమన్నాడు. పెట్టాను. దాని మీదుగా తన మనుషులను నడవమన్నాడు. నడిచారు. బురద కాళ్లు. నా కాలిన నెత్తి చూసి ఒకడు నవ్వాడు.

ఆ వారమే సంగం మీటింగులో లేచి నిలబడ్డాను. "ఇగ దొర ఊరిడిసి పోయేదాక నా నెత్తికి గుడ్డ సుట్టనంటె సుట్ట. రుమాలే లేకుంటె తీయమనేటందుకు వానికి ఏం దొరుకుతది?" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నాకోసం కొట్టిన చప్పట్లు అవే మొదటివి.

ఇంటికి వచ్చేసరికి ఆ కబురు నాకన్నా ముందే చేరింది. నర్సమ్మ జొన్నలు చెరుగుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"దొర మీద కోపం గదా?"

"అవు."

"మరి ఎండ కొట్టేది దొర నెత్తినా, నీ నెత్తినా?"

జవాబు దొరకనప్పుడు కోపం తెచ్చుకోవడం నా అలవాటు. "ఆడోళ్లకు గీ సంగతులు సమజ్‌గావు" అని బయటికి నడిచాను. సంగంలో ఆడవాళ్లు వడిసెలలు పట్టుకుని మాకన్నా ముందు నిలబడుతున్న రోజులవి. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఎండలు రాకముందే దొర సంగానికి జడిసి హైదరాబాదుకు పారిపోయాడు. నా ప్రతిన తీరినట్టే. నర్సమ్మ కొత్త రుమాలు తెచ్చి, ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టి నా ముందర పెట్టింది. "దొర పాయె. ఇగ కట్టు" అన్నది.

నేను కట్టలేదు. ఎందుకంటే ఆ సరికే చుట్టుపక్కల ఊళ్లలో నన్ను 'ఉత్తనెత్తి సాయిలు' అంటున్నారు. ఎక్కడికి పోయినా పిల్లలు వెంట పడి, "అగో, దొరకు నెత్తి వంచనోడు" అని చూపేవారు. ఆ పేరు నాకు తీపెక్కింది. రుమాలు చుట్టుకుంటే నేను మళ్లీ ఉత్త సాయిలునే. "దొర పోతె ఏంది, గడీ ఉన్నది గదా. అది పడినంక కడ్త" అన్నాను. నర్సమ్మ రుమాలు తీసి పెట్టెలో వేసింది.

రజాకార్లు మా ఊరిని రెండుసార్లు తగలబెట్టాక అవ్వను జనగామలో అక్క ఇంట్లో ఉంచి, మేమిద్దరం కురవి దగ్గర నర్సమ్మ తమ్ముడు లింగయ్య ఇంటికి చేరుకున్నాం. లింగయ్య మహబూబాబాద్‌లో, మా నోటికి మానుకోటలో, రైలు పట్టాల పని చేసేవాడు. నన్ను ప్రేమగా చూసుకున్నాడు. కూలికి పోతే పొలాల్లో, రాళ్ల గుట్టల్లో పగలంతా ఉత్త నెత్తితోనే పనిచేసేవాణ్ణి. సాయంత్రానికి ఆ కాలిన తోలు ఎర్రబడి మండేది. పొట్టు లేచేది. రెండు రోజులు ఆముదం రాసుకుని మళ్లీ పోయేవాణ్ణి.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండకాలం భూపాలపల్లి అడవికి, బీడీలు చుట్టే తునికాకు కోతకు పోయాం. పొద్దు పొడవకముందే ఆకు కోయాలి, పొద్దెక్కాక కట్టలు కట్టాలి, ఆ కట్టలను కల్లంలో వరసగా ఎండకు పరచాలి. నీడ ఉంటే ఆకు ఎండదు గనుక కల్లంలో ఒక్క చెట్టూ ఉండదు. మిగతా మగవాళ్లందరూ గొంగడి కొసను నెత్తిమీద కొప్పెర వేసుకునేవారు. ఆడవాళ్లు కొంగు రెండు మడతలు వేసుకునేవారు. కల్లమంతటికీ నా నెత్తి ఒక్కటే బోసిగా ఉండేది. "సాయిలన్నా, గా నెత్తిమీద రొట్టె కాల్చుకోవచ్చే" అని ఒక ముసలాయన నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

అప్పుడే చెవి పై అంచున ఒక చిన్న పొక్కు కనబడింది. ఉలవ గింజంత. గోకితే రాలింది, కాస్త నెత్తురు వచ్చింది, మళ్లీ పక్కు కట్టింది. నొప్పి లేదు. నొప్పి లేనిది రోగమెట్లా అవుతుంది అనుకున్నాను. మోపు భుజాన వేసుకున్నప్పుడు కట్టె గీరుకున్నదని నాకు నేనే చెప్పుకున్నాను. వానలు పడ్డాయి. మానలేదు. బతుకమ్మ పండుగ వచ్చింది. మానలేదు. పక్కు రాలినప్పుడల్లా పుండు అంతకు ముందు కన్నా కాస్త పెద్దదయ్యేది. దాని అంచు గట్టిపడి, వేలితో తడిమితే రాయి లాగా తగిలేది.

ఒకరోజు దుప్పటి ఉతుకుతూ నర్సమ్మ నెత్తురు మరక చూసింది.

"ఇది ఎక్కడిది?"

"కట్టె గీరింది."

"ఎప్పుడు?"

"మొన్న."

"మొన్నటి దుప్పటి ఉతికిన. దాని మీద గూడ ఉండె." నా చెవి పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. "రేపు మానుకోట దవాఖానకు పోదాం" అన్నది.

నేను ఒప్పుకోలేదు. అప్పుడు నాకు దొరికిన సాకు చిన్నది కాదు. ఊరూరా మిలటరీ క్యాంపులు ఉన్నాయి. గాయాలతో దవాఖానకు వచ్చినవాణ్ణి సంగపోడా అని పట్టుకుపోతున్నారు. చెవి మీద గాయమంటే తూటా గీరిందంటారని చెప్పాను. అందులో నిజం ఉంది. కానీ నేను పోకపోవడానికి అసలు కారణం అది కాదు. డాక్టరు ఏమంటాడో వినడానికి భయం. ఆ భయాన్ని మిలటరీ భయం వెనక దాచుకున్నాను.

నర్సమ్మ నన్ను ఎరుగును. "ఆర్నెల్ల కింద తగిలిన తూటా ఇంక పచ్చిగనే ఉంటదా? మిలటరోళ్లు నీ అంత పిచ్చోళ్లు గాదు" అన్నది.

ఆ మాట తరువాత ఆమె నాతో మాట్లాడటం మానేసింది. ఒకే ఇంట్లో ఉంటూ లింగయ్యతో చెప్పించేది. "లింగా, ఆ మనిషికి అన్నం తినుమని చెప్పు." లింగయ్య నా ఎదురుగా కూర్చుని, "బావా, అక్క తినుమంటాంది" అనేవాడు. నేను, "ఆకలి లేదని చెప్పు" అంటే, గోడ అవతల నుంచే, "ఆకలి లేకుంటె చెవికన్న పెట్టుమను, అది బాగ తింటాంది" అనేది. లింగయ్య ఆ మాట చెప్పలేక నవ్వు ఆపుకుని తల వంచుకునేవాడు. అట్లా సంక్రాంతి పోయి శివరాత్రి వచ్చింది. ఒక పొద్దున చెవి నుంచి వాసన వస్తోందని నాకే తెలిసింది. ఎవరూ చెప్పనక్కర లేకుండా అంగీ వేసుకుని వాకిట్లో నిలబడ్డాను. నర్సమ్మ సద్ది మూట తెచ్చింది.

మానుకోట దవాఖాన వరండాలో జనం గోడకు ఆనుకుని కూర్చున్నారు. మా పక్కన గార్ల నుంచి వచ్చిన ఒక అవ్వ ఉన్నది. అరికాలు ఎత్తి మాకు చూపింది. మడమ దగ్గర నల్లగా, తారు చుక్క ఆరినట్టు మచ్చ. అంచులు వంకర టింకరగా ఉన్నాయి.

"ముల్లు ఇరిగిందనుకున్న బిడ్డా. నల్లజీడి రసం పెట్టిన, సూది పెట్టి కెలికిన, ముల్లు రాలే. మచ్చ మాత్రం కాలికంటె జోర్గ నడుస్తాంది" అని నవ్వింది. నా చెవి చూసి, "నీదేందయ్యా, ఎలుక కొరికిందా?" అన్నది.

"ఎలుక గాదు అవ్వా, ఎండ కొరికింది" అన్నది నర్సమ్మ. ఎన్నో వారాల తరువాత ఆమె నా గురించి నా ఎదుట అన్న మాట అది. ఆ అవ్వ తన విసనకర్ర నా చేతికిచ్చి, "చెవి మీద ఈగ వాలనియ్యకు" అని చెప్పింది. ఆమె పేరు అడగలేదు. లోపలికి పిలిస్తే కుంటుతూ పోయింది. ఆ తరువాత ఆమె ఏమైందో నాకు తెలియదు. ఆ విసనకర్ర ఇంకా మా ఇంట్లోనే ఉంది.

గుమ్మం దగ్గర కూర్చున్న ఒక జవాను నన్ను పిలిచి, చెవి చూపి ఏదో అడిగాడు. నర్సమ్మ ముందుకు వచ్చి, తన రెండు వేళ్లతో నా చెవిని పట్టి అతని వైపు తిప్పి చూపించింది. అతను ఒక్కసారి వాసన తగిలి మొహం చిట్లించి, పొమ్మని చెయ్యి ఊపాడు. నేను నెలల తరబడి భయపడిన భయం అంతటితో అయిపోయింది.

డాక్టరు నడివయసు మనిషి, మా మాటలోనే మాట్లాడాడు.

"ఎన్ని దినాల సంది?"

"ఒక నెల సంది" అన్నాను.

"ఏడాది" అన్నది నర్సమ్మ.

డాక్టరు ఆమె వైపే తిరిగి మిగతావన్నీ అడిగాడు. చిన్నప్పుడు కాలింది ఎట్లా, ఎండలో ఎంతసేపు, ఎప్పటి నుంచి గట్టిపడింది, ఎన్నిసార్లు నెత్తురు కారింది. నా దవడ కింద, మెడ మీద వేళ్లతో నొక్కి నొక్కి చూశాడు. అప్పుడు మెల్లగా చెప్పాడు.

"కాలిన పాత మచ్చల మీద మానని పుండు పుడితే దాన్ని నమ్మొద్దు. ఇది రాచపుండు కావచ్చు. హైదరాబాదు పోవాలె. జల్ది పోవాలె. వేర్లు ఇంక మెడకు దిగినట్టు లేదు."

రాచపుండంటే క్యాన్సరు. ఆ మాట నేను ఎరుగుదును. మా ఊళ్లో ఆ మాట గొంతు తగ్గించి అంటారు. అది వచ్చినవాళ్లను చూశాను, వాళ్లు బతికి బయటపడటం చూడలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. లింగయ్య పని మధ్యలో పరుగెత్తుకొచ్చాడు. నర్సమ్మ అతనికి చెప్పింది, నాతో కాదు: "దొరకు నెత్తి వంచనన్నడు. సూడు, ఇప్పుడు నెత్తిమీద రాచపుండు ఎక్కి కూసుంది. దొర పోతె రాజు వచ్చిండు." అంటూనే కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. ఆమె ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. ఊరు కాలినప్పుడు కూడా ఏడవలేదు.

మరునాటి రైలుకే బయలుదేరాం. ఆ రైలు జనగామ మీదుగానే పోతుంది. ఎవరు చెప్పారో, స్టేషన్‌లో అవ్వ నిలబడి ఉంది. కిటికీలోంచి చెయ్యి పెట్టి నా చెవి తడిమింది.

"ఆనాడు నేనే కాలవెట్టిన కొడుకా. అదే ఇప్పుడు తిరిగి లేసింది" అన్నది.

"లేదవ్వా. నువ్వు కట్టిన గుడ్డ నేనే ఇప్పిన. నీదేం లేదు" అన్నాను.

ముప్పై ఏళ్లుగా ఆమె మోస్తున్న బరువును దింపడానికి నాకు అంతకు ముందు ఎన్నిసార్లు వీలు దొరికిందో. ఒక్కసారీ ఆ మాట అనలేదు. రైలు కదులుతుంటే అన్నాను. ఆమెకు సగమే వినబడిందేమో. మక్కజొన్న గటక మూట కిటికీలోంచి నా ఒడిలో పడేసి, చెయ్యి ఊపుతూ వెనకబడిపోయింది.

హైదరాబాదు పెద్ద దవాఖానలో ఎదురుచూడటమే ఎక్కువ. బల్లల మీద, బల్లల కింద, వరండాల్లో జనం. పొద్దంతా ఒకరి మొహం ఒకరు చూస్తూ కూర్చునేవాళ్లం. పెదవి మీద పుండుతో ఒకాయన, ముక్కు పక్కన నల్లటి ముత్యం లాంటి పొక్కుతో ఒకామె. అందరి కథా ఒకటే: మొదట చిన్నదే, నొప్పి లేదు, అదే పోతుందనుకున్నాం. ఒక నర్సు పొద్దున తన డబ్బాలోంచి నర్సమ్మకు రోజూ ఒక ఇడ్లీ పెట్టేది. "మీ ఆయనకు గాదు, నీకు. ఆయనకు మేము పెడతం" అనేది. నర్సమ్మ దాన్ని సగం చేసి నాకు దాచేది.

చెవి కోసే ముందు రోజు నాకు చావు భయం పట్టుకుంది. దాన్ని దాచుకోవడం చేతకాలేదు. నర్సమ్మ చెయ్యి పట్టుకుని, "నీ మాట చెవిన పెట్టలే. తప్పయింది" అన్నాను. పెళ్లయిన నాటి నుంచి నేను ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆమె నా మొహంలోకి చూసింది. ఏం అంటుందోనని బెదురుగా ఉంది.

"పెట్టేటందుకు రేపటికి జాగ గూడ ఉండదు" అన్నది. ఇద్దరం నవ్వాం. పక్క మంచం మీది మనిషి లేచి చూశాడు. నర్సమ్మ ఆ రోజు నుంచి నాతో నేరుగా మాట్లాడింది.

పై సగం చెవి, దాని పక్కన అరచెయ్యంత తోలు తీసేశారు. తొడ మీది తోలు తెచ్చి అతికారు. కోసినదాన్ని పరీక్ష చేసి, పుండు చుట్టూ మంచి తోలు వచ్చేదాకా కోశామనీ, మెడలో గడ్డలు లేవనీ చెప్పారు. ఆ మాట విన్నాక నర్సమ్మ వరండాలోకి పోయి, ఎవరో తెలియని ఒక ముసలామె పక్కన కూర్చుని, ఆమె పిల్లవాడిని ఒళ్లోకి తీసుకుని చాలాసేపు ఊపింది.

పంపించేటప్పుడు పెద్ద డాక్టరు నాకు చెప్పినవి ఇక్కడ నా మాటల్లో రాస్తున్నాను. నెల దాటినా మానని పుండును, మాని మళ్లీ పగిలే పుండును, ఊరికే నెత్తురు కారేదాన్ని, అంచు గట్టిపడినదాన్ని చిన్నదని వదలకూడదు. నొప్పి లేదని ధైర్యపడకూడదు. నాకు చివరిదాకా నొప్పి లేదు. పుట్టుమచ్చ పెరిగినా, రంగు మారినా, అంచు వంకరపోయినా చూపించుకోవాలి. అరికాలు, అరచెయ్యి, గోళ్ల కింద కూడా చూసుకోవాలి. గార్ల అవ్వ మచ్చ లాంటిది ముల్లు అనుకుని కెలకకూడదు. మనది నల్లటి ఒళ్లు, మనకు రాదు అనుకోవడం తప్పు. కాలిన మచ్చ ఉన్నవాళ్లు దాన్ని మరీ కనిపెట్టి ఉండాలి. నడినెత్తిన పొద్దు ఉన్నప్పుడు వీలైతే నీడకు జరగాలి. వీలు కాకపోతే నెత్తి, చెవులు, మెడ గుడ్డతో కప్పుకోవాలి. ఈ చివరి మాట మా అవ్వ, నా భార్య చదువు లేకుండానే ముప్పై ఏళ్లు చెప్పారు. నాకు వినడానికి సగం చెవి ఖర్చయింది.

ఊరికి తిరిగి వచ్చే రోజు జనగామలో బండి దిగాక నర్సమ్మ మూట విప్పింది. అందులో పెట్టెలో మడత పెట్టి ఉంచిన ఆ రుమాలే ఉంది. రోడ్డు పక్కన నన్ను ఒక రాయి మీద కూర్చోబెట్టి కట్టింది. అవ్వ కట్టినట్టే, చెవి కిందికి లాగి. నాకు లోపల ఇబ్బందిగా ఉంది. పోలీసు యాక్షన్ తరువాత దొర పోలీసులను వెంటబెట్టుకుని తిరిగి వచ్చాడు. గడీ తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఉత్తనెత్తి సాయిలు దొర లేనప్పుడు కట్టని రుమాలు దొర వచ్చాక కట్టాడని ఊరు అనుకుంటుంది. గడీ ముందు దాన్ని తీస్తే ఎండ, తీయకపోతే పోలీసులు.

"చుట్టు తిరిగి పోదామా?" అన్నాను.

"మన ఇంటికి తొవ్వ గిదే" అన్నది నర్సమ్మ.

నడిచాం. నడిమధ్యాహ్నం. అరుగు మీద దొర మనిషి ఒకడు కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"ఎవడ్రా వాడు? నెత్తిగుడ్డ తీయకుంట పోతాండు?"

నిజం చెప్పాలి. అన్నేళ్ల సంగం, అన్ని చప్పట్లు, అంత పేరు, అన్నీ ఉండి కూడా నా కుడి చెయ్యి దానంతట అదే రుమాలు దాకా లేచింది. చిన్ననాటి అలవాటు. అప్పుడు వెనక నుంచి నర్సమ్మ మెల్లగా అన్నది: "చెయ్యి దించు."

దించాను.

"ఓరి, నిన్నేరా! రుమాలు తియ్యి!"

ఆగి అతని వైపు తిరిగాను. రుమాలు అంచు ఒక్క వేలితో ఎత్తి, చెవి ఉండవలసిన చోటు చూపించాను. "చెవి కోసిండ్రయ్యా. ఇనవడ్తలేదు" అన్నాను. అంచు మళ్లీ కిందికి లాగుకున్నాను. అతను నోరు తెరిచి అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. మేము నడిచాం. వెనక నుంచి ఎవరూ రాలేదు.

మూల తిరిగాక నర్సమ్మ నా పక్కకు వచ్చింది.

"ఇనవడ్తలేదా?"

"లేదు."

"మరి నేను చెయ్యి దించుమన్నది?"

"అది ఇనవడ్డది."

ఆమె నవ్వలేదు. ఆగి, నడి బజారులో, అందరూ చూస్తుండగా, వదులైన రుమాలు కొసను బిగించి చెవి మీదికి దోపింది.

"గట్లనే ఉండు" అన్నది.